ఊళ్ళోనే ఉన్నవాళ్ళు

గని నడిచిన రోజుల్లో ఆ పంచాయతీలో నాలుగు వేలమంది ఉండేవారు. గని మూతపడ్డాక బడి పోయింది, పోస్టాఫీసు పోయింది, చివరికి బస్సు కూడా ముఖం చాటేసింది. మిగిలింది వాగు పొడవునా అక్కడొకటి ఇక్కడొకటి ఇళ్ళు, ఒక ఆఫీసు, ఒక డాక్టరు. జనం మూడు వందలకన్నా తగ్గితే ఆ రెండూ ఎత్తేస్తామని పైనుంచి కాగితం వచ్చింది.

అప్పటినుంచి గుమాస్తా చావులు రాయడం మానేశాడు. ఎవరూ రాయొద్దని చెప్పలేదు, ఎందుకు రాయలేదనీ అడగలేదు. మనిషిని మట్టిచేసిన మూడోనాడు ఇంట్లోవాళ్ళు ఆఫీసుకొచ్చి బల్లమీద కూర్చుని, "మావాడు ఊళ్ళోనే ఉన్నాడండీ" అనేవారు. గుమాస్తా తలూపేవాడు. అబద్ధం కూడా కాదు, ఊళ్ళోనే పూడ్చారు మరి! అలా పదకొండుమంది పోగయ్యారు. ఫిర్యాదు చెయ్యరు, జ్వరం తెచ్చుకోరు. వాళ్ళంత బుద్ధిమంతులు ఆ పంచాయతీలో పుట్టలేదు. ఇందులో గుమాస్తా స్వార్థమూ ఉంది. గని దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైన బావ ఆ డాక్టరు చేతిమీదే బతుకుతున్నాడు.

మొన్నటి వాన మూడు రోజులు వదల్లేదు. నాలుగోనాడు పొద్దున్నే వాగు పొంగింది. బావ డాక్టరు దగ్గరే ఆసుపత్రిలో ఉన్నాడు, గుమాస్తా అక్క ఒక్కతే ఇంట్లో ఉంది. బయటినుంచి పడవతో ఒక అధికారి వచ్చాడు. చేతిలో గుమాస్తా పంపిన జాబితానే ఉంది. దారి చూపించడానికి గుమాస్తా పడవెక్కాడు.

"ముసలివాళ్ళు ముందు. ఈ తొంభైనాలుగేళ్ళాయన ఇల్లెక్కడ?" అన్నాడు అధికారి.

ఆయన ఆరేళ్ళ కిందటే పోయాడు. చెబితే డాక్టరూ పోతాడు, బావా పోతాడు. "ఆ చివరిదండీ" అన్నాడు. ఖాళీ ఇంటిముందు పడవ ఆపి, గొంతు బొంగురుపోయేలా పిలిచారు. తర్వాత ఇంకో ఖాళీ ఇల్లు. అక్క ఇల్లు కాస్త మెరకలోనే ఉందిలే, అరగంటలో ఏమవుతుందిలే అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు, చవట. వాళ్ళు వెళ్ళేసరికి నీళ్ళు చూరు దాటాయి. అక్క అటకమీద దొరికింది. బావ మందుల సంచి మాత్రం తడవకుండా పైదూలానికి కట్టి ఉంది.

మట్టిచేసిన మూడోనాడు బావ ఆయాసపడుతూ ఆఫీసుకొచ్చి బల్లమీద కూర్చున్నాడు. పుస్తకంలో లెక్క సరిగ్గా మూడు వందలు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"మీ అక్క ఊళ్ళోనే ఉందిరా," అన్నాడు బావ కళ్ళెత్తకుండా.

ఇప్పుడు గుమాస్తా తలూపితే, మళ్ళీ వాగు పొంగిననాడు పడవ అక్కకోసం ఖాళీ ఇంటికి వెళ్తుంది. ఇంకెవరో అటకమీద ఎదురుచూస్తారు.

"లేదు బావా, పోయింది. పడవ ముందు మీ ఇంటికే రావాల్సింది. నేనే రానివ్వలేదు."

గుమాస్తా కలం తీసి ముందు అక్క చావు రాశాడు. తర్వాత ఆ పదకొండుమందివీ రాశాడు. తేదీలన్నీ అతనికి నోటికొచ్చు. తీసేస్తే రెండు వందల ఎనభై ఎనిమిది తేలింది. నెల తిరక్కుండా డాక్టరు సామాను సర్దుకుంటాడు. బల్లమీద బావ దగ్గుతూనే ఉన్నాడు.