డాలీకి నాలుగు మందులు

పర్చూరు మెయిన్‌రోడ్డు మీద శేషాచలం పురుగుమందుల కొట్టు పెట్టి అప్పటికి ఇరవై ఏళ్లు. ఆయన వ్యవసాయం చదివినవాడు కాదు, చేలో దిగి పనిచేసినవాడూ కాదు. అయినా ఆ చుట్టుపక్కల పత్తి రైతులకూ మిరప రైతులకూ ఆయన మాటే మాట. రైతు చేలోంచి ఒక ఆకు తెంపి చొక్కా జేబులో పెట్టుకొచ్చి బల్ల మీద పెడతాడు. శేషాచలం కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఆకును వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి, "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" కోసమే కొందరు రెండేసి బస్సులు మారి వచ్చేవాళ్లు. తరవాత నాలుగు డబ్బాలు బల్ల మీదికి దిగుతాయి. పురుగుకొకటి, తెగులుకొకటి, ఆ రెండిటికీ లొంగకపోతే పనికొస్తుందని ఇంకొకటి, పూత రాలకుండా టానిక్కు. "నాలుగూ కలిపి కొట్టు" అంటాడు. ఒకటి చాలదా అని నోరు జారినవాణ్ని జాలిగా చూసేవాడు.

"ఒక్క మందుతో పోయేదైతే దాన్ని పురుగని ఎందుకంటారయ్యా?"

తొంభై ఎనిమిదిలో పత్తి చేల మీద పచ్చపురుగు విరుచుకుపడింది. పురుగు చావలేదు గాని, శేషాచలం పేరు మాత్రం ఊరూరా పాకింది. ఎంత చావకపోతే అంత మంది వచ్చేవాళ్లు మరి.

అలాంటి పెద్దమనిషికి ఒక బలహీనత ఉంది. దాని పేరు డాలీ. గుంటూరులో ఒక లాయరుగారింటి నుంచి తెచ్చుకున్న ఆడకుక్క. బంగారు రంగు బొచ్చు, చెంపల మీదికి వేలాడే చెవులు. పిల్లల్లేని ఇల్లు. భార్య దుర్గాంబతో తిన్నగా రెండు మాటలు మాట్లాడని మనిషి, డాలీతో మాత్రం గంటలకొద్దీ కబుర్లు చెప్పేవాడు. ప్రతి ఆదివారం స్వయంగా పంచె ఎగగట్టి, దాని తలమీంచి చెంబులతో నీళ్లు గుమ్మరించి, సబ్బు రుద్ది స్నానం చేయించేవాడు. ఆ ఒక్క గంటా ఆయన్ని చూస్తే ఎవరికైనా ముచ్చటేసేది.

కార్తీకమాసంలో డాలీ కుడిచెవి గోక్కోవడం మొదలుపెట్టింది. తల విదిలించేది, గోడకేసి చెవి రాసేది. దగ్గరికెళ్తే పులిసిన పిండి వాసన.

"ఏవండీ, పశువులాసుపత్రికి కొత్తగా డాక్టరమ్మ వచ్చిందట. ఓసారి చూపించకూడదూ?" అంది దుర్గాంబ.

శేషాచలానికి నవ్వొచ్చింది. "ఇంతమంది రైతులు నా గుమ్మం ఎక్కుతుంటే, నేను కుక్కనేసుకుని ఇంకోళ్ల గుమ్మం ఎక్కాలా? ఎవరన్నా చూస్తే రేపట్నుంచి నా మాట ఎవడు వింటాడే?"

అని, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, డాలీ చెవిని వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి, "ఊఁ" అన్నాడు. దుర్గాంబకు ఆ క్షణమే గుండె జారింది.

మొదటి వారం గంధకం పొడి. మిరప మీద బూడిద తెగులుకు చల్లేదే, కొబ్బరినూనెలో కలిపి చెవినిండా దట్టించాడు. దురద మెడకు పాకింది. రెండో వారం, గంధకం ఉండగానే దాని మీద ఇంకో మిరప తెగులు మందు పూశాడు. దురద వీపెక్కింది. బొచ్చు ఊడటం మొదలైంది. బొచ్చు ఊడటమంటే పూత రాలటమే కదా! టానిక్కు పట్టించాడు. మూడో వారానికి డాలీ వెనక సగం చర్మం బయటపడి, ఎర్రగా కమిలిపోయి, రాత్రీ పగలూ మూలుగుతూ తిరిగింది. దుర్గాంబ డాక్టరమ్మ మాట ఎత్తినప్పుడల్లా ఆయన ముఖం చిట్లించేవాడు.

"పురుగు లోపలికి పోయింది. ఇప్పుడు ఆపితే మొదటికొస్తుంది" అన్నాడు.

ఒక సోమవారం పొద్దున పచ్చపురుగు మందు ఒక మూతెడు బకెట్టు నీళ్లలో కలిపి, డాలీని అందులో తడిపాడు. గంటలో డాలీ నోటివెంట చొంగ కారింది. కాళ్లు వణికాయి. కొట్టు ముందు రెండడుగులు వేసి కూలబడిపోయింది.

శేషాచలానికి ఇరవై ఏళ్ల పరువు, రేపటి బేరం, ఎవరు చూస్తారన్న లెక్క, ఏదీ గుర్తు రాలేదు. డాలీని కట్టుకున్న పంచె విప్పి అందులో చుట్టుకుని, డ్రాయరు మీద ఆటో ఎక్కేశాడు. వెనక దుర్గాంబ తువ్వాలు పట్టుకుని పరిగెత్తింది.

డాక్టరు జ్యోతిర్మయి ముందు విరుగుడు ఇంజెక్షన్ చేసింది. ఒళ్లంతా సబ్బుతో, నీళ్లతో మూడుసార్లు కడిగించింది. తరవాత కలం తీసింది.

"ఏమేం పూశారో చెప్పండి."

శేషాచలం చెప్పాడు. ఆవిడ రాసుకుంటూ పోయింది. కాగితం సగం నిండాక కలం ఆపి, తలెత్తి చూసింది.

"ఇది కుక్కాండీ, పత్తి చేనా?"

దుర్గాంబ తల వంచుకుంది. డాక్టరమ్మ చెవి లోపల లైటు వేసి చాలాసేపు చూసింది.

"చెవులు మూసుకుని ఉండే జాతి ఇది. స్నానం చేయించి చెవులు తుడవలేదు. నీళ్లు నిలిచి లోపల బూజు పట్టింది. అంతే. మొదట్లోనే వచ్చుంటే, చెవి శుభ్రం చేసి కొన్నాళ్లు చుక్కలు వేస్తే తగ్గేది. ఇప్పుడు ఒంటిమీదున్న పుండు జబ్బుది కాదు సార్, మీ మందులది."

శేషాచలం తన చేతులు చూసుకున్నాడు. తన చేతులతో, తన ముద్దుకొద్దీ పోసిన చెంబులే డాలీ చెవికి ఎసరు పెట్టాయి. ఆ పైన తన తెలివి ఒంటికి ఎసరు పెట్టింది. బల్ల మీద డాలీ కళ్లు సగం తెరిచి, ఆయన చెయ్యి నాకింది. అప్పుడు మాత్రం ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

డాలీ బతికింది. మూడు రోజులు ఆసుపత్రి వరండాలోనే కూర్చున్నాడు శేషాచలం. ఊళ్లో మాత్రం డాలీకి జ్వరమని చెప్పమన్నాడు దుర్గాంబతో.

నాలుగోరోజు కొట్టు తెరిచేసరికి బుల్లయ్య వచ్చాడు. పదేళ్ల పాత రైతు. జేబులోంచి పత్తి ఆకు తీసి బల్ల మీద పెట్టాడు. శేషాచలం ఆకును వెలుతురుకు పట్టాడు. రెండు చిల్లులున్నాయి. రెండంటే రెండే. "ఊఁ" గొంతుదాకా వచ్చి ఆగిపోయింది.

"ఏమీ కొట్టొద్దు బుల్లయ్యా. వారం ఆగి చూద్దాం."

బుల్లయ్య ముఖం మాడిపోయింది. "కుక్కకైతే డాక్టరమ్మ దగ్గరకి పరిగెత్తారంట. నా చేనుకి మందే లేదంటారా? నేనేం పాపం చేశానండీ?" అని, ఆకు జేబులో వేసుకుని, విసురుగా రోడ్డు దాటి ఎదుటి పురుగుమందుల కొట్టుకు వెళ్లిపోయాడు. అక్కడాయన అప్పుడే కళ్లజోడు సర్దుకుంటున్నాడు.

శేషాచలం ఇక ఉండబట్టలేకపోయాడు. చెప్పులు కూడా తొడుక్కోకుండా నడిరోడ్డు మీదికి వచ్చేశాడు.

"ఒరేయ్ బుల్లయ్యా! వినరా! నా డాలీకి జ్వరం కాదురా, నేనే చంపబోయాను! నాలుగు మందులూ నేనే పట్టించాను, ఒకదానికి తగ్గకపోతే ఇంకోటి! గంటలో పడిపోయిందిరా! ఇరవై ఏళ్లబట్టీ మీకు చెప్పింది కూడా ఇదేరా! నాకేం తెలీదు!"

రోడ్డు మీద ఆటోలు ఆగాయి. ఎదుటి కొట్టులో ఉన్న నలుగురు రైతులూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. శేషాచలం అలా నిలబడే ఉన్నాడు. పరువు పోయింది, గుండె మాత్రం తేలికపడింది. ఇంత నిజం చెప్పానే అని తనకే ఆశ్చర్యంగా ఉంది.

బుల్లయ్య నెమ్మదిగా రోడ్డు దాటి వచ్చాడు. వెనకే మిగతా ముగ్గురూ.

"గంటలోనేనాండీ?" అన్నాడు గొంతు తగ్గించి.

"గంటలోనే."

"అంత కుక్కే పడిపోయిందంటే, వేలెడంత పురుగెంతండీ! ఆ నాలుగే నాకూ ఇవ్వండి."

"లేవు! అయిపోయాయి!" అని అరిచాడు శేషాచలం. ఆయన వెనక అలమరా నిండా డబ్బాలు కనబడుతూనే ఉన్నాయి.

బుల్లయ్య వెనక్కి తిరిగి, మిగతావాళ్లతో మెల్లగా అన్నాడు.

"చూశారా, దాస్తున్నాడు. అసలైన మందు ఇన్నాళ్లకి బయటపడింది."