టర్బోకి ముందు

ఆ పిస్టన్‌ని కరిగించింది మీరే. మా మామగారు డెస్, నా మొగుడు క్లైవ్, మీరిద్దరే. నా ల్యాప్‌టాప్ కాదు.

ఆస్ట్రేలియాలో, టూవూంబా ఊళ్లోని మా షెడ్డులో పద్నాలుగేళ్లుగా డీజిల్ బళ్లకి బలం పెంచేది నేను. ఇంజిన్‌లోకి ఎంత డీజిల్ పోవాలో, టర్బో ఎంత గాలి నెట్టాలో కంప్యూటర్లో దిద్దేది నేను. బండి బాగా లాగితే మాత్రం బీరు పెట్టె తెచ్చి క్లైవ్ చేతిలో పెడతారు. ఆ సీసాలు ఫ్రిజ్‌లో సర్దేది మళ్లీ నేనే. ఫోనెత్తితే "బాస్‌ని పిలువమ్మా" అంటారు. బాస్ వచ్చి, ఫోను చేత్తో మూసి, "ఏం చెప్పమంటావే?" అని నన్నే అడుగుతాడు.

మా దగ్గరికి బండి తెచ్చిన ఫెర్గస్‌కి వేడి కొలిచే సూదిని టర్బోకి ముందు, ఇంజిన్‌లోంచి సెగ బయటపడే చోటే బిగించాను. ఏడువందల డిగ్రీలు దాటితే దాని మీటరు కూస్తుంది. వెనక కారవాన్, అదే చక్రాల ఇల్లు, తగిలించుకుని కొండెక్కితే కూసింది. కూయాలి. యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యమని చెప్పడానికే అది ఉంది.

ఫెర్గస్ తిరిగొచ్చి నన్ను దాటుకుని డెస్ దగ్గరికెళ్లాడు.

"మీ కోడలు పెట్టింది మా ఆవిడకంటే ఎక్కువ సణుగుతోందయ్యా!"

"ఉండు, దాని నోరు మూయిస్తా."

గంటలో సూదిని పీకి టర్బో దాటాక ఉన్న గొట్టంలో పెట్టాడు. అక్కడికొచ్చేసరికి సెగ నూటయాభై డిగ్రీలు తగ్గిపోతుంది. "లోపల అంతే కాలుతుంది డెస్, మీటరే తక్కువ చెబుతుంది" అన్నాను. "టీ పెట్టమ్మాయ్" అన్నాడు. క్లైవ్ నవ్వాడు. నేను వెళ్లి టీ పెట్టాను. అది తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది. ఆ తర్వాత మరో ఐదుగురొచ్చి, కూయకుండా అలాగే పెట్టమన్నారు. పెట్టారు.

నిన్న ఫెర్గస్ బండి లారీ మీద వచ్చింది. విప్పి చూస్తే మూడో పిస్టన్‌కి బొటనవేలు దూరేంత కంత. మీటరు చివరిదాకా ఆరువందల ఎనభై దాటలేదట, కూయనేలేదట. క్లైవ్ అతని ముందే అన్నాడు: "మా మెరిన్ డీజిల్ ఎక్కువ పోసుంటుంది. కూరలో నూనె కూడా అంతే." ముగ్గురూ నవ్వారు.

"ఆ ఆరువందల ఎనభైకి నూటయాభై కలిపి చూడండి" అన్నాను. నవ్వు ఆగింది. క్లైవ్ నా మోచెయ్యి పట్టుకుని, "పరువు తియ్యకే" అని గొణిగాడు.

పరువా! ఆ ఐదు బళ్లూ ఇప్పుడు రోడ్డు మీదున్నాయి. ఒకటి జానిస్‌ది. ఇద్దరు పిల్లల్ని, కారవాన్‌ని వేసుకుని రేపు పొద్దున్నే ఎడారి దారిన పడుతోంది. రెండు రోజులకో మనిషి కూడా ఎదురుపడని చోట బండి ఆగిపోతే మీ పరువు తాగి బతుకుతారా ఆ పిల్లలు?

డెస్, ఐదు సూదులూ పీకి టర్బోకి ముందు పెట్టండి. టీ మీరే పెట్టుకోండి. క్లైవ్, ఫోనందుకో. చేత్తో మూసి నన్నడక్కు. మెరిన్ సరిగ్గానే పెట్టింది, మేమే చెడగొట్టాం అని నీ నోటితో చెప్పు. ఐదుగురికీ చెప్పి, బళ్లు వెనక్కి తెమ్మను. ముందు జానిస్‌కి. ఇప్పుడే.