భోజనమయ్యాక రెండు నిమిషాలు

వారం రోజులుగా మా కోడలు భార్గవి అన్నం తిన్నాక లేవడం లేదు.

మామూలుగా అయితే ఎనిమిదింటికల్లా తినేసి లాప్‌టాప్ ముందుకు వెళ్ళిపోయేది. మావాడు ప్రశాంత్ ఆ వేళకి ఆఫీసులోనే ఉంటాడు. బల్ల దగ్గర మేమిద్దరమే. ఇప్పుడేమో కంచం ముందే కూర్చుని, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎక్కడ ఉండేవారు, ఒంటరిగా ఉండటం అలవాటేనా అని నన్ను అడుగుతోంది. నేను చెబుతుంటే ఫోను వంక చూస్తోంది. ఒకసారి వంగి చూశాను. తెరమీద సెకన్లు పరుగెడుతున్నాయి.

లింగంపల్లిలో పొద్దున నాతో నడిచే వీరేశానికి ఈ సంగతి చెప్పాను.

"జర చూస్కో సార్. మా బావ ఇంట్ల గిట్లనే మొదలైంది. ముందుగాల తియ్యటి ముచ్చట్లు, ఇగ నెల తిరక్కముందే తెల్లాపూర్ల ముసలోళ్ళ ఫ్లాటు."

ఆ రోజు నుంచి ఆమె ప్రతి ప్రశ్నలోనూ నా పెట్టె సర్దుతున్న చప్పుడే వినిపించింది. మోకాళ్ళ గురించి అడిగితే, లిఫ్టు ఉన్న చోటు వెతుకుతోందనుకున్నాను. అయినా నా పెరుగు గిన్నె మాత్రం చల్లదనం పోయేలా ముందే ఫ్రిజ్‌లోంచి తీసి పెడుతూనే ఉంది. పంపించేయాలనుకునే మనిషికి అది గుర్తుంటుందా? సాగనంపే ముందు మర్యాదేమోనని అదీ అనుమానించాను.

గురువారం ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"నేను మాట్లాడుతుంటే టైము ఎందుకమ్మా చూస్తున్నావు?"

ఆమె మొహం చిన్నబోయింది. లోపలికి వెళ్ళి నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. పైన 'సోబ్రెమెసా' అని రాసి ఉంది. స్పానిష్ మాట, స్త్రీలింగం. తిన్నాక బల్ల దగ్గరే కూర్చుని కబుర్లు చెప్పుకునే సమయమని అర్థం. బల్లమీద పెట్టుకునే కంప్యూటరుకూ ఈ మాట చేరుస్తారట. 'సోబ్రెమెసాని సాగదీస్తాం', 'సోబ్రెమెసాలో ఉన్నాం' అంటారని వాడుక కూడా రాసుకుంది. ఆఫీసులో స్పెయిన్ ప్రాజెక్టు కోసం నేర్చుకుంటోంది. మర్నాడే పరీక్ష. ఆ మాట గురించి తన ఇంటి అనుభవంతో ఐదు నిమిషాలు మాట్లాడాలి.

కింద లెక్క ఉంది. సోమవారం రెండు నిమిషాలు, మామయ్యగారు లేచారు. మంగళవారం ఒకటిన్నర, లేచారు.

"మీరు కూర్చోరు కదండీ. రేపు వాళ్ళకి అబద్ధం చెప్పాలేమోనని భయంగా ఉంది."

ఎంగిలి చెయ్యి ఎండబెట్టుకోకూడదని నాకు చిన్నప్పుడే నేర్పారని చెప్పాను.

"కడుక్కుని మళ్ళీ వచ్చి కూర్చోవచ్చుగా?"

నాకెప్పుడూ తట్టలేదు. మా ఇంట్లో చెయ్యి కడిగితే భోజనం ముగిసినట్టే. ఆరేళ్ళ క్రితం పోయిన సుబ్బలక్ష్మి, నేనూ కాపురమంతా అలాగే లేచిపోయాం.

ఇద్దరం చేతులు కడుక్కుని వచ్చాం. ఆమె ఫోను లోపలే వదిలేసింది. అప్పుడు తెల్లాపూరు సంగతి అడిగాను.

"ఆ మాట ఎవరన్నారండీ?"

వీరేశం పేరు చెప్పక తప్పలేదు.

"ఆయన్ని ఆదివారం భోజనానికి పిలవండి. ఆయన్ని మాత్రం తిన్నవెంటనే పంపించేద్దాం."

నవ్వుతూనే అంది గాని, చున్నీ అంచుతో కళ్ళు తుడుచుకోవడం చూశాను.