గోడ అవతలి భోజనాలు

రోజంతా నోరు నొప్పెట్టేలా మాట్లాడి వచ్చి, గడప దాటగానే నోటికి తాళం వేసుకునే మొగుడూ పెళ్ళాల్ని చూడాలంటే నాలుగో అంతస్తులో మెట్ల పక్కనున్న ఆ రెండు గదుల ఇంటికి వెళ్ళాలి. ఆయనది ఫోటో స్టూడియో. పాస్‌పోర్టు ఫోటోలకి వచ్చినవాళ్ళకి "గడ్డం కిందికి, భుజాలు సమంగా, నవ్వకండి" అని రోజుకెన్నిసార్లు చెప్తాడో ఆయనకే తెలియదు. ఆమె లాండ్రీ కౌంటర్లో కూచుంటుంది. వచ్చిన ప్రతి కోటుకీ చొక్కాకీ నంబరు చీటీ గుచ్చి, మరక ఎక్కడ పడిందో, ఎలా పడిందో ఆరా తీస్తుంది. అందుకే చీటీలమ్మ అని పేరు పడింది. కూర మరకని చెప్పి సిరా మరక తెచ్చేవాళ్ళని ఇట్టే పట్టేస్తుంది. అంత నోరున్న మనిషి ఇంటికొచ్చాక "ఉప్పు సరిపోయిందా?" అంటుంది. ఆయన "ఊఁ" అంటాడు. ఆ రోజుకి సంసారం అయిపోయినట్టే.

పోట్లాటలేమీ లేవు. ఉన్నా బాగుండేదేమో, కనీసం నాలుగు మాటలుండేవి. పిల్లలు కలగలేదు. మొదట్లో ఆ బాధ గురించి మాట్లాడుకునేవాళ్ళు. తర్వాత దాన్ని తగలకుండా మాట్లాడడం ఎలాగో ఇద్దరికీ చేతకాక, ఒక్కో మాటా మానుకుంటూ వచ్చి చివరికి ఉప్పు దగ్గర ఆగారు.

వంటింట్లో భోజనాల బల్ల పక్కన గోడకి ఒక కన్నం ఉంది. వేలెడంత గొట్టం దూర్చడానికి ఏ మహానుభావుడో పిడికిలి పట్టేంత కన్నం తవ్వి, మిగిలిన సందు పూడ్చకుండా చక్కా పోయాడు. అవతల పక్కింటివాళ్ళ వంటిల్లు. ఆ సందులో ఎప్పటిదో పాతగుడ్డ కుక్కి ఉండేది. క్రిందటేడు పక్కింట్లో కొత్తవాళ్ళు దిగారు. బస్సు నడిపే కొడుకు, కోడలు, వాళ్ళ ఆరేళ్ళ చిన్నది, మోకాళ్ళ నొప్పులతో ఇల్లు కదలని మామ్మ. వాళ్ళొచ్చిన కొత్తల్లో చీటీలమ్మ ఆ గుడ్డకి చీమలు పట్టాయని బయటికి లాగింది. ఉతికి ఆరేసింది. ఆరిన గుడ్డని మడిచి బీరువాలో పెట్టింది గానీ మళ్ళీ కన్నంలో పెట్టలేదు.

ఆయన చూశాడు, ఏమీ అనలేదు. మర్నాడు మాత్రం "ఇక్కడ నేల ఎగుడుదిగుడుగా ఉంది" అని గొణుక్కుంటూ బల్లని ఒక జానెడు గోడ వైపు జరిపాడు. అక్కడ నేల అద్దంలా ఉంటుంది. ఆమె కూడా ఏమీ అనలేదు.

అప్పట్నుంచి వాళ్ళ భోజనాలకి రుచి వచ్చింది. అటువైపు కంచాలు పెట్టిన చప్పుడు వినపడితేగానీ ఇటువైపు వడ్డన లేదు. మామ్మ రోజూ "ఇవాళ ఎవడితో తగువుపడ్డావురా?" అని మొదలుపెడుతుంది. కొడుకు బస్సెక్కినవాళ్ళందర్నీ వంటింట్లోకి దింపుతాడు. చిల్లర లేనాయనా, నిద్రపోయి దిగాల్సిన చోటు దాటిపోయిన లావుపాటావిడా, గొడుగు మర్చిపోయి బస్సు వెనక పరిగెత్తిన పంతులూ అందరూ వచ్చిపోతారు. చిన్నది మధ్యలో దూరి కథ కలిపేస్తుంది. "ముందు మింగు, తర్వాత వాగు" అని కోడలు కసురుతుంది. గిన్నె అడుగంటిన ముక్క ఎవరికన్నది రోజూ తేలని వ్యాజ్యం. ఇటువైపు వీళ్ళిద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వుకునేవాళ్ళు. ఒక్కోసారి ఆయన కనుబొమ్మ ఎగరేసి ఆమె వైపు చూసేవాడు. ఆ ఒక్క చూపు కోసం ఆమె పొద్దుటినుంచి కాచుకుని ఉండేది.

సిగ్గు లేదనుకోకండి. ఉంది, బోలెడు. మెట్ల మీద కోడలు ఎదురైతే చీటీలమ్మ తలెత్తేది కాదు. ఆ కోడలు ఇస్త్రీ చేస్తూ మొగుడి చొక్కా కాల్చి పరుపు కింద దాచిన సంగతి ఆ మొగుడికే తెలియదు, చీటీలమ్మకి తెలుసు. అలాంటి మనిషి ముఖం ఎలా చూడడం? దొంగతనమంటే వస్తువులే ఎత్తుకెళ్ళాలా ఏమిటి? రేపట్నుంచి గుడ్డ కుక్కేయాలని రోజూ అనుకునేది, సాయంత్రానికి మర్చిపోయేది. మర్చిపోవడం అంటే ఏమిటో మనకి తెలుసు.

ఒకనాడు ఆమె పెందలాడే ఇంటికొచ్చి కూర తరుగుతూంటే అటునుంచి మామ్మ తనలో తను మాట్లాడుకోవడం వినపడింది. "ఇదిగో, పళ్ళు ఇక్కడ పెడుతున్నా. గిన్నెలో. చక్కెర డబ్బా వెనక. గుర్తుపెట్టుకోవే ముసలిదానా." చీటీలమ్మ నవ్వుకుంది.

భోజనాల వేళకి ముసలావిడ సుబ్బరంగా మర్చిపోయింది. కట్టుడు పళ్ళ సెట్టు కోసం వెతుకులాట మొదలైంది. మొదట అంతా వేళాకోళమే. "నా బస్సెక్కి వెళ్ళిపోయాయేమోనే అమ్మా, ఇందాక ఎవరో టిక్కెట్టు అడక్కుండా పళ్ళికిలించారు" అన్నాడు కొడుకు. చిన్నది పకపకా నవ్వింది. ఇటువైపు ఫోటోలాయన కూడా మూతి బిగపట్టుకున్నాడు. కానీ వెతికిన చోటే ఎన్నిసార్లు వెతుకుతారు? మామ్మకి ఆకలేస్తోంది, విసుగొచ్చింది.

"నువ్వే గట్టు తుడుస్తూ చెత్తలో పారబోసుంటావు," అంది బోసినోటితో.

"ఈ ఇంట్లో ఏం పోయినా నేనేనా అత్తయ్యా?" అంది కోడలు.

"మరి నేను మింగానంటావా?"

"మీరు మింగలేదు, నేను పారబొయ్యలేదు. పొద్దుటినుంచి చేసిన చాకిరీ మాత్రం ఎవరికీ కనపడదు. రేపట్నుంచి ఈ వంటింట్లో అడుగుపెడితే ఒట్టు!"

కొడుకు కంచం విసురుగా తోసిన చప్పుడైంది. చిన్నది భోరుమంది. చీటీలమ్మకి ముద్ద దిగలేదు. ఆ ఇంట్లో ఎప్పుడూ ఇలా జరగలేదు, జరగకూడదు కూడా. వాళ్ళు కూడా నోళ్ళు కట్టేసుకుంటే తన గతేం కాను? కోడలు వెక్కి వెక్కి ఏడవడం మొదలెట్టేసరికి ఆమెకి ఒళ్ళు తెలియలేదు. కన్నం దగ్గరికి వంగి, లాండ్రీలో వెనక గదిలో ఉన్నవాళ్ళని కేకేసే గొంతుతో అరిచింది.

"చక్కెర డబ్బా వెనక చూడండి! గిన్నెలో!"

అంతే.  ఆయన చెయ్యి కంచానికీ నోటికీ మధ్య నిలిచిపోయింది.

"ఎంత పని చేశావే," అన్నాడు గుసగుసగా.

అవతల డబ్బా జరిపిన చప్పుడు. "దొరికాయి!" అని చిన్నది అరిచింది. ఎవరూ సంతోషించలేదు. "ఎవరే అదీ?" అంది మామ్మ. కాసేపటికి కొడుకు గొంతు వినపడింది, చాలా మెల్లిగా. "గోడ అవతలినుంచమ్మా." తర్వాత గుసగుసలు. ఆ తర్వాత కన్నంలో ఏదో గట్టిగా కుక్కిన చప్పుడు. చీటీలమ్మకి అది తన నోట్లో కుక్కినట్టే అనిపించింది.

అక్కణ్ణుంచి ఈ మొగుడూ పెళ్ళాల పాట్లు చూడాలి. పొద్దున్నే తలుపుకి చెవి ఆనించి, మెట్ల మీద ఎవరూ లేరని రూఢి చేసుకుని ఆమె దిగేది. చెప్పుల చప్పుడు వినపడుతుందని ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని దిగేవాడు. తేలు కుట్టిన దొంగలు కూడా ఇంతకంటే దర్జాగానే ఉంటారు. లాండ్రీలో ఆమె ఒకరి కోటుకి ఇంకొకరి చీటీ గుచ్చింది. ఇంట్లో భోజనాల దగ్గర నమిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక సాయంత్రం ఆయన లేచి బల్లని గోడ దగ్గర్నుంచి వెనక్కి జరిపేశాడు. ఈసారి నేల ఎగుడుదిగుడన్న సాకు కూడా చెప్పలేదు. ఆ రాత్రి ఆమె గోడ వైపు తిరిగి పడుకుని ఏడ్చింది.

సెలవు రోజు మధ్యాహ్నం ధైర్యం కూడగట్టుకుని పక్కింటి తలుపు తట్టింది. మామ్మ ఒక్కతే ఉంది. గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి తీసింది.

"నేనండీ... ఆ రోజు... కన్నానికి గుడ్డ లేదండీ. చీమలు పట్టాయని తీశాను. వినాలని కాదు..." మరకల అబద్ధాలు పట్టే మనిషి కదా, తన అబద్ధం తనకే వినపడి ఆగిపోయింది. "కాదండీ. వినాలనే తీశాను. రోజూ విన్నాను. క్షమించండి మామ్మగారూ."

మామ్మ ఆమెని ఎగాదిగా చూసి, దొరికిన పళ్ళన్నీ కనపడేలా నవ్వింది.

"మా కోడలు సిగ్గుతో చచ్చిపోతోంది తల్లీ, మా తిట్లన్నీ విన్నావని. నువ్వొచ్చి ఇక్కడ చచ్చిపోతున్నావు. లోపలికి రా, కూచో." కూచోబెట్టి, చెయ్యి పట్టుకుంది. "అసలు నేను ఆ ఇంట్లో ఎవరూ ఉండరనే అనుకున్నా. మనిషి మాటన్నది ఏనాడైనా వినపడిందా? గిన్నె చప్పుడొక్కటే. మా కోడలే చెప్పింది, లేదత్తయ్యా, ఒకావిడుంది, ఒంటరి మనిషి, పాపం తలెత్తి చూడదు అని."

చీటీలమ్మకి అప్పుడర్థమైంది. మెట్ల మీద కనపడే బక్కపల్చటాయన ఎవరింటివాడో వాళ్ళకి తెలియదు. ఎలా తెలుస్తుంది? ఆయన ఎవర్నీ పలకరించడు. ఈవిడ ఆయన్ని పేరు పెట్టో, ఏమండీ అనో ఎవరి ముందూ పిలవలేదు.

"ఆ గుడ్డ తీయించేస్తాలే," అంది మామ్మ. "ఒక్కదానివీ కూచుని తినేటప్పుడు నాలుగు మాటలు చెవిన పడితే మా సొమ్మేం పోయింది? దిక్కులేకుండా ఎలా ఉంటావు తల్లీ."

ఉన్నారండీ, మా ఆయన ఉన్నారండీ అనాలి. ఆ మాట గొంతుదాకా వచ్చింది. ఉంటే ఆయన మాటేదీ అని అడిగితే ఏం చెప్పాలి? చీటీలమ్మ తల వంచుకుని "సరేనండీ" అని లేచొచ్చేసింది. కట్టుకున్నవాడు గోడకి ఇవతల బతికుండగా, లేడన్నట్టు ఒప్పుకుని వచ్చింది. దొంగచాటుగా విన్నదానికి పడ్డ సిగ్గు దీని ముందు ఎందుకూ పనికిరాలేదు.

సాయంత్రం ఆయన వచ్చాడు. కళ్ళతోనే ఏమైందని అడిగాడు.

"వెళ్ళొచ్చాను. కోప్పడలేదు. గుడ్డ తీస్తామన్నారు."

"మరి ఆ ముఖమేమిటి?"

"నేను ఒక్కదాన్నే ఉంటాననుకున్నారట. ఇన్నాళ్ళూ."

ఆయన నవ్వబోయి ఆగాడు. "నేనున్నానని చెప్పలేదా?"

"లేదు."

"ఎందుకు చెప్పలేదే?"

"ఉన్నారని నాకెలా తెలుస్తుందండీ?" అంది. అనేసి నాలుక కరుచుకుంది. వెనక్కి తీసుకోవడానికి ఏమీ లేదు, నిజమే కదా. ఆయన చాలాసేపు తన అరచేతులు చూసుకుంటూ కూచున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. రోజూ ఎంతమందికో నవ్వకండి, కదలకండి అని చెప్పే మనిషి తను ఇంట్లో అలాగే కూచున్నానని అప్పుడు తెలుసుకున్నట్టున్నాడు.

భోజనానికి కూచున్నారు. బల్ల ఇంకా గోడకి దూరంగానే ఉంది. కాసేపటికి అవతల గుడ్డ లాగిన చప్పుడైంది. కంచాలు పెట్టారు. ఎవరూ మాట్లాడలేదు. వాళ్ళకీ బెరుకుగానే ఉంది. కుర్చీ ఈడ్చుకుంటూ ఎవరో కన్నం దగ్గరికి వచ్చారు.

"తింటున్నావా తల్లీ?" అంది మామ్మ.

 చీటీలమ్మ ఆయన వైపు చూడలేకపోయింది. కంచం మీద గీతలు చూస్తూ కూచుంది.

ఆయన లేచాడు. గోడ దగ్గరికి వెళ్ళి, వాడక వదిలేసిన గొంతుని రెండుసార్లు సవరించుకున్నాడు.

"తింటున్నామండీ," అన్నాడు.

అవతల గరిటె కింద పడింది.

"మగ గొంతు! ఎవరయ్యా నువ్వు?"

"ఈవిడ భర్తనండీ. ఫోటో స్టూడియో."

"అయ్యో రాత! నువ్వున్నావా ఇంట్లో? ఇన్నాళ్ళూ ఎక్కడున్నావయ్యా?"

అటువైపు చిన్నది కిసుక్కుమంది. కోడలు "ష్" అంది. ఇటువైపు ఆయన మెడ దాకా ఎర్రబడిపోయి, గోడ మీద చెయ్యి ఆనించుకుని నిలబడ్డాడు.  తర్వాత మెల్లిగా వెనక్కి తిరిగాడు.

"ఇక్కడే ఉన్నానండీ," అన్నాడు చీటీలమ్మ ముఖంలోకి చూస్తూ.

ఆ మాట అనడానికి సిగ్గుపడ్డాడు, అనేశాక ఇంకా సిగ్గుపడ్డాడు.