స్వామి వాటా బరువు

1983 జూలై 18, సోమవారం ఉదయం పదిన్నరకు చిత్తూరులోని ఒక బాలికల హైస్కూల్లో తొమ్మిదో తరగతి పంకజాక్షి తూకం మిషనెక్కింది. ముల్లు అరవై ఎనిమిది దగ్గర ఆగింది. పిల్ల వయసు పద్నాలుగేళ్లు, ఎత్తు నాలుగడుగుల పదకొండంగుళాలు.

తనిఖీకి వచ్చిన డాక్టరు సుబ్రమణ్యం బీపీ రెండుసార్లు చూశాడు. కాస్త ఎక్కువే ఉంది. ఒంటేలులో చక్కెర లేదు. ఇంట్లో ఎవరికైనా షుగరుందా అని అడిగితే తాతకుండేదనీ, నాయనకుందనీ చెప్పింది. బడికి ఓబయ్య రిక్షాలో వస్తుంది, రిక్షాలోనే పోతుంది. సాయంత్రం రేడియో దగ్గర కూర్చుని బెల్లం, వేరుశెనగపప్పు తింటుంది. ఆటల పీరియడ్లో అందరి చెప్పులకూ కాపలా ఉంటుంది.

డాక్టరు ఇవన్నీ రాసుకున్నాడు. జబ్బు ఇంకా రాలేదని, ఇట్లాగే ఉంటే మాత్రం నాయనకు వచ్చిన వయసు కంటే ముందే వస్తుందని చెప్పాడు. తీపి తగ్గించాలి, బడికి నడిచి రావాలి, మూడు నెలలకు ఆసుపత్రిలో కనిపించాలి అని చీటీ రాసిచ్చాడు.

పంకజాక్షికి తాత గుర్తొచ్చాడు. పుండు మానక ఆయన ఎడమకాలు మోకాలి కింద తీసేసినప్పుడు తనకు ఏడేళ్లు. చీటీలో ఉన్నది చేసి తీరాలనుకుంది. అవ్వ ఒప్పుకుంటుందన్న నమ్మకం మాత్రం లేదు.

అవ్వ జ్ఞానాంబకు ఒక మొక్కు తీరకుండా ఉంది. పంకజాక్షికి అయిదేళ్లప్పుడు కామెర్లొస్తే, పిల్ల బతికితే దాని బరువుకు సరిపడా బెల్లం తిరుమలలో తులాభారం ఇస్తానని మొక్కుకుంది. పిల్ల బతికింది. అప్పుడు బరువు పద్నాలుగు కిలోలు. వాళ్లది మూడు తరాల బెల్లం మండీ. పద్నాలుగు కిలోలు మన మండీలో ఎలకలకే చాలదు, స్వామికెట్లా ఇచ్చేదని జ్ఞానాంబ వాయిదా వేసింది. తర్వాత తాత జబ్బు, ఆయన పోయినాక ఏటిసూతకం. ఆపైన పిల్ల ఒళ్లు చేసేకొద్దీ ఇంకొంచెం చేయనీ అంటూ వచ్చింది. ముద్ద కలిపి పెట్టినా, నెయ్యి వేసినా స్వామికి పెడుతున్నట్టే పెట్టేది.

చీటీ చదివించుకుని ఆమె కొడుకు దొరస్వామి వైపు చూసింది.

"స్వామికిస్తానన్న దాంట్లో తగ్గించమనేదానికి ఆ డాక్టరెవురప్పా?"

దొరస్వామి తన షుగరు మాత్ర మింగి, మండీలో పనుండాదని బయటికి నడిచాడు. అమ్మ మాటకు ఆయన ఎన్నడూ ఎదురు చెప్పినవాడు కాదు.

పంకజాక్షి అవ్వ పక్కన చేరింది.

"అవ్వా, ఈ శనివారమే తూకమేసెయ్. స్వామి వాటా స్వామికి పోతే, మిగిలిన ఒళ్లు నాదే గదా."

"తొందరేమొచ్చింది మే? వచ్చే ఏటికి డెబ్బై అయిదవుతావు."

"కాలు తీసేసినాక తాత ఎంత తగ్గిపోయినాడో సూసినావు గదా. నన్నూ అట్లా తూస్తావా?"

జ్ఞానాంబ తమలపాకుకు సున్నం రాయడం ఆపింది. ఆకు మడవకుండానే పళ్లెంలో పెట్టింది. మండీ గుమాస్తా మునెయ్యను పిలిపించి, మంచి రంగు బెల్లం ఏరి రెండు మూటలు కట్టమంది.

శనివారం దాకా చీటీ మాట ఎత్తకూడదని మాత్రం షరతు పెట్టింది. నడిస్తే తగ్గుతుందని మెట్లదారి కూడా వద్దంది. తిరుపతికీ, అక్కడినుంచి కొండమీదికీ బస్సులోనే పోయారు. జూలై 23న తులాభారం త్రాసులో పట్టులంగా, నగలతో కలిపి పంకజాక్షి డెబ్బై కిలోలు తూగింది. జ్ఞానాంబ ఆపైన ఇంకో రెండు బెల్లం అచ్చులు వేయించి చేతులు జోడించింది.

గుడి బయటికొచ్చాక, దిగేటప్పుడు నడుస్తానంది పంకజాక్షి. జ్ఞానాంబ మునెయ్యను తోడిచ్చి తాను బస్సెక్కింది. అలిపిరి చేరేసరికి కుంటుతున్నది మునెయ్య.

సోమవారం నుంచి బడికి నడక. మండీవాళ్ల పిల్ల సంచి మోసుకుంటూ పోతే వ్యాపారం దెబ్బతినిందనుకుంటారని జ్ఞానాంబ రిక్షా మాన్పించలేదు. ముందు రిక్షాలో సంచి పోయేది, వెనక పంకజాక్షి నడిచేది. సంచికి దండాలు పెడుతూ బజారువాళ్లు నవ్వేవాళ్లు. ఇంత తేలికైన బేరం తనకెప్పుడూ తగల్లేదని ఓబయ్య అన్నాడు.

అక్టోబరు 24, సోమవారం డాక్టరు సుబ్రమణ్యం ఆసుపత్రిలో పంకజాక్షిని మళ్లీ తూచాడు. అరవై మూడు కిలోలు. బీపీ మామూలుగా ఉంది. ఒంటేలులో చక్కెర లేదు. వెంట వచ్చిన జ్ఞానాంబ రిక్షాలో బడిసంచి పక్కన కూర్చుంది. పంకజాక్షి ఇంటికి నడిచి వచ్చింది.