నిన్నటి జవాబు నుంచి

"ఆ పెట్టె ముందు కూర్చుంటే బట్టలు వాటంతటవే మడతపడతాయా?" అంది అత్తగారు. ఆ ఇంట్లో ఉతికిన బట్టల గుట్ట ఎక్కితే పక్క ఊరు కనిపించేదని చెప్పుకునేవారు. నేను నమ్మను, దుప్పట్లు కూడా కలిపితే మూడో ఊరి దాకా కనిపించి తీరాలి. కోడలు ఒళ్లో చొక్కా మడుస్తూనే కంప్యూటర్ తెర వైపు చూస్తోంది.

ఎక్కడెక్కడివాళ్లో ఉచితంగా రాసి, ఎవరైనా వాడుకోండని వదిలిన లెక్కల ప్రోగ్రాం ఆ తెర మీదున్నది. ఏ బస్సు ఏ దారిన తిరిగితే మేలో వెతికి చెబుతుంది. బస్సుల కంపెనీలో పనిచేసే భర్త రోజూ దాన్ని తిట్టుకునేవాడు, జవాబు చెప్పడానికి నలభై నిమిషాలు తింటోందని. ప్రతిసారీ అది సున్నా నుంచి వెతుకుతోందని కనిపెట్టింది ఆమె. నిన్నటి జవాబు దగ్గర మొదలుపెట్టి, మారినంత మేరకే సరిచేసుకుంటే చాలదా? పెళ్లికి ముందు ఆమె చదివింది ఆ లెక్కలే. కుక్కర్ కూతకూ కూతకూ మధ్య ఎనిమిది నెలలు రాసింది. నలభై నిమిషాలు నాలుగయ్యాయి.

ఆ ప్రోగ్రాం రాసేవాళ్లకు పంపింది మాత్రం, వాళ్ల సైట్లో భర్తకున్న ఖాతా నుంచి. పెళ్లయిన కొత్తలో తన పేరున ఒకటి తెరవబోతే, "మనకి వేరువేరెందుకు? నాది నీది కాదా?" అన్నాడు. అతను ఆమెతో అన్న మాటల్లో అంత తియ్యనిది మరొకటి లేదు. ఇన్నేళ్లూ దాన్నే చప్పరిస్తూ బతికింది పిచ్చితల్లి.

మెచ్చుకోళ్లు అతని పేరున వచ్చాయి. ఆఫీసువాళ్లు ఇంటికొచ్చి, ఇంత ఆలోచన ఎలా వచ్చిందని అడిగితే, స్నానం చేస్తుండగా తట్టిందన్నాడు. టీ కప్పు అందిస్తూ ఆమె అతని కళ్లలోకి చూసింది. చక్కెర తక్కువైందన్నాడు.

నెల తిరక్కుండా ఎవరో తప్పు పట్టారు. వీధి మూసేసినా ప్రోగ్రాం ఆ వీధిలోకే బస్సును పంపుతోందట. నిన్నటి జవాబు ఇవాళ చెల్లుతుందో లేదో చూసుకోమని దానికి చెప్పడం ఆమె మరిచిపోయింది. మధ్యాహ్నానికల్లా సరిచేసి పంపబోతే, అప్పటికే ఆ ఫిర్యాదు కింద భర్త జవాబు ఉంది: "ఆ లైన్లు మా ఆవిడ సరదాగా రాసింది. నేను చూసుకోలేదు. క్షమించండి."

సాయంత్రం అతను రాగానే, "నేను రాశానని మీకు గుర్తుందన్నమాట" అంది.

"ఏమనుకోకు. నా ఉద్యోగం కదా" అన్నాడు బూట్లు విప్పుకుంటూ.

ఆమె లోపలికి వెళ్లి, తన పేరున ఖాతా తెరిచింది. సరిచేసినది పంపి, దాని కింద రాసింది: "తప్పు నాదే. సరిగ్గా ఉన్న రెండువేల లైన్లూ నావే."