వంతెన మీద రివర్సు

ఆదివారం భోజనాలయ్యాక అక్క బల్ల తుడుస్తుంది, పక్కింటి టైలర్ బాబాయి కుర్చీలు లాగుతాడు, తమ్ముడు అట్టమీద గీసిన రాక్షసుణ్ణి, మొహం తనవైపు తిప్పుకుని, బల్ల మీద నిలబెడతాడు. తమ్ముడు బోర్డులు రాసే పెయింటరు. కథ చెప్పేది అతనే. మిగతా ఇద్దరూ ఆ కథలో మనుషులు. ఏం చేస్తారో నోటితో చెప్పాలి, అయిందో కాలేదో పాచిక తేలుస్తుంది. ఆ బల్ల దగ్గర కథలో పోయింది ఇంట్లోనూ పోతుంది. కథలో చెప్పులు పోతే గుమ్మంలో చెప్పులుండవు. మళ్ళీ కొనుక్కునేవాళ్ళు, అంతే.

చెప్పులైతే సరే. పోయిన వారం బాబాయి కుడిచెయ్యి పడిపోయింది. కథలో వంతెన మీద ఆ రాక్షసుడి మొహం చూసినవాళ్ళ దగ్గర్నుంచి వాడు ఏదో ఒకటి లాక్కుని గుప్పిట్లో పెట్టుకుంటాడు. బాబాయి బంగారంలాంటి ఉపాయం చెప్పాడు: "చాటుగా వెళ్ళి వాడి తలమీద గుడ్డ కప్పేస్తా." సరే, పాచిక వెయ్యి బాబాయ్ అంటే ఏం పోయేది? తమ్ముడు ససేమిరా అన్నాడు. ఎదురుగా వెళ్ళి కత్తి దూయాల్సిందేనట! ఇప్పుడా చెయ్యి సూది పట్టదు. కొట్లో కుట్టాల్సిన చొక్కాలు గుట్టపడ్డాయి. ఒళ్ళు మండదా ఎవరికైనా?

ఇవాళ మళ్ళీ అదే హుషారు. "అక్కా, నీ వంతు. ఈసారి వాడికి కళ్ళు కావాలి."

అక్క సిటీ బస్సు నడుపుతుంది. ఇల్లు గడిచేది ఆ స్టీరింగు మీదే. ఆట మధ్యలో వదిలేసి వెళ్తే ఓడినట్టే లెక్క.

"నా గుర్రబ్బండిని రివర్సులో తీసుకెళ్తా," అంది. "వాడికి నా వీపే కనబడుతుంది. బాబాయి పక్కన నడుస్తూ చక్రాల వంకే చూస్తాడు. బండి మీద రెండు దెబ్బలు కొడితే రావచ్చు, ఒకటి కొడితే ఆగాలి. డిపోలో రోజూ చేసే పనేగా."

"కుదరదు."

"ఎందుక్కుదరదు?"

"వారమంతా కూర్చుని ఆ మొహానికి మళ్ళీ రంగులేశానక్కా. చూడకుండా పోతే ఎలా?"

అక్క లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. "నీ బొమ్మ చూడ్డానికి నా కళ్ళు పోవాలా? సిగ్గులేదట్రా? నువ్వనుకున్నదే జరగాలంటే మమ్మల్నెందుకు కూర్చోబెట్టావు, వెళ్ళి గోడకి చెప్పుకో! గుర్రం వెనక్కి నడవదా? చెప్పు! కష్టమంటావా, కష్టమను. పాచిక వేస్తా. పడకపోతే తీసుకో కళ్ళు. ఇంకోసారి కుదరదన్నావో, చెంప పగలగొడతా!"

తమ్ముడు బాబాయి వేలాడే చెయ్యి వంక చూశాడు.

"కష్టం," అన్నాడు చివరికి, మొహం మాడ్చుకుని. "అయిదైనా ఆరైనా పడాలి. వెయ్యి."

అయిదు పడింది.

అక్క కుర్చీ ఎత్తి, బల్లకి వీపు పెట్టి కూర్చుంది. గదిలో నది వాసన వేసింది. "రానీ... రానీ..." అంటున్నాడు బాబాయి, నేల చూపులు చూస్తూ. కాళ్ళ కింద చెక్కలు కిర్రుమన్నాయి. ఉన్నట్టుండి బండి దేన్నో గుద్దింది.

"ఏంటి బాబాయ్ అది?"

"ఏమో తల్లీ. నేను చక్రాలే చూస్తున్నా."

"నువ్వు చెప్పరా! ఏమైంది?"

ఇది తమ్ముడు అనుకున్న కథ కాదు. "వాడు బండి కింద పడ్డాడక్కా. గుప్పిట వదిలేశాడు."

"బండి పోనిమ్మంటావా బాబాయ్?"

బల్ల మీద దబదబా రెండు దెబ్బలు పడ్డాయి. బాబాయి కొట్టింది కుడిచేత్తో.